మన బండి పలకలు



పోయిన నెల ఒక పెళ్లికి వంట పాత్రలు ఎక్కిస్తుంటే మన సంఘం బండి వెనక తొట్టిలో ఒక పలక విరిగింది. దానిమీద నిలబడ్డ కుర్రాడి కాలు మోకాలి దాకా దిగబడింది. బండి ఆగి ఉంది గనక నాలుగు గీతలతో పోయింది. అదే కదులుతున్నప్పుడు జరిగి ఉంటే? తలుచుకుంటే మాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

"పాత బండి, అమ్మేయండి" అన్నారు చాలామంది. మేమూ అదే అనుకున్నాం. హోసూరులోనే బాడీలు కట్టే షెడ్డుకి తీసుకుపోయాం. అక్కడి పెద్దాయన విరిగిన ముక్క మా చేతిలో పెట్టి, "పైన చూడండప్పా, బాగానే ఉంది. ఇప్పుడు తిప్పి చూడండి" అన్నారు. కింది వైపు వేలితో నొక్కితే టీలో ముంచిన రస్కులా ఊడి వచ్చింది. "ఇది బరువుకి విరగలేదు, తడికి విరిగింది" అని ఆయన ఒక్క మాటలో తేల్చేశారు.

తడి ఎక్కడిది? కూర్చుని లెక్క వేసుకున్నాం. ఎవరింట్లోనైనా పెద్దలు పోతే ఫ్రీజర్ పెట్టె ఈ బండిలోనే పోతుంది. తిరిగి తెచ్చేటప్పుడు కడిగిన పెట్టె నీళ్లు కారుతూ ఉంటుంది. ఆ వేళ తొట్టి తుడవాలని ఎవరికి తోస్తుంది? చంద్రచూడేశ్వరుని తేరు రోజున పానకం, మజ్జిగ బిందెలు తొణుకుతాయి. వాన పడితే తడి టార్పాలిన్ మడిచి అక్కడే పడేస్తాం.

వీటన్నిటికన్నా పెద్ద తప్పు మాది. పలకలు గీసుకుపోతున్నాయని రెండేళ్ల కిందట మేమే ఇనప రేకు పరిచి స్క్రూలు కొట్టించాం. స్క్రూ బొక్కల్లో దిగిన నీరు రేకు కింద ఉండిపోయింది. ఎండ తగల్లేదు, గాలి ఆడలేదు. కాపాడదామని వేసిన రేకే పలకల్ని తినేసింది. ఈ మాట దాచుకోకుండా చెప్పాలనే ఇంత రాస్తున్నాం.

రేకు పీకించి మూడు పలకలు మార్పించాం. పలకకీ పలకకీ మధ్య సన్నని సందు వదిలారు. అది పనితనం లోపం కాదు. నీరు కిందికి జారడానికి, తడికి కట్టె ఉబ్బితే చోటుండడానికి వదిలింది. దయచేసి ఎవరూ పూడ్చకండి. పెయింటు షాపులో దొరికే కాచిన అవిసె నూనె, అదే లిన్సీడ్ ఆయిల్, పలచగా పట్టించి ఆరబెట్టాం. పలక కొనలే ఎక్కువ నీరు పీలుస్తాయి గనక వాటికి ఇంకో రెండుసార్లు పట్టించాం. పాత ఇంజన్ ఆయిల్ పూయొచ్చు కదా అని ఒకరన్నారు. అది కాలు జారుస్తుంది, బియ్యం మూటలకీ పూలబుట్టలకీ అంటుకుంటుంది. ఇంకో జాగ్రత్త: అవిసె నూనె గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకూడదు. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో తడిపి, బయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి.

ఇక బండి తీసుకునేవాళ్లకి మా మనవి. జనరేటరు, గ్రైండరు లాంటి బరువులు ఈడ్చకండి, ఎత్తి పెట్టండి. కింద రెండు అడ్డ కొయ్యలు పలకలకి అడ్డంగా వేస్తే బరువు ఒక్క పలకమీద కాకుండా నాలుగైదు పలకలమీద పడుతుంది. తాళ్లు పక్క కొక్కేలకే కట్టండి. రబ్బరు చాప సామాను ఉన్నంతసేపే పరచండి, దించగానే తీసేయండి. ఇసుక, రాళ్లు ఊడ్చేయండి. ఫ్రీజర్ పెట్టె తెచ్చిన రోజు తొట్టి తుడిచి, వెనక డోరు తెరిచి గాలికి ఉంచండి. ఇంటివాళ్లు దుఃఖంలో ఉంటారు, వాళ్లని అడగొద్దు. ఆ పని మన కమిటీవాళ్లదే. తాళంతోపాటు ఒక నోటుబుక్కు పెట్టాం. తొట్టి ఆరిందని చూసి సంతకం చేశాకే తాళం తిరిగి ఇవ్వాలి.

బండి అమ్మడం లేదు. మన ఇళ్లలో పెళ్లికీ చావుకీ ముందు వచ్చి నిలబడేది అదే.

ఆ కుర్రాడు మళ్లీ సామాను ఎక్కించడానికి వస్తున్నాడు. కాకపోతే ఎక్కే ముందు పలకని కాలితో ఒకసారి తట్టి చూస్తున్నాడు. వాళ్ల నాన్న మమ్మల్ని ఒక్క మాట అనలేదు. పిల్లవాడు అలా తట్టిన ప్రతిసారీ మేము తల దించుకుంటున్నాం. అతను తట్టకుండా ఎక్కే రోజు రావాలి.