ఉబ్బిన చోట జన్యువు పనిలో ఉంది

సీఎస్ఐఆర్ వ్యవస్థాపక దినం సెప్టెంబరు 26. ఆ సందర్భంగా హైదరాబాద్ హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో సామాన్యులనూ లోపలికి రానిస్తారని తెలిసి వెళ్లాను. బడిపిల్లల బస్సులు బారులు తీరి ఉన్నాయి. పెద్ద యంత్రాల దగ్గర జనం కిటకిటలాడుతుంటే, నేను ఈగలు పెంచే వాళ్ల బల్ల దగ్గర చేరాను. మాగిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలే, డ్రోసోఫిలా.

అక్కడున్న పరిశోధక విద్యార్థిని ఒక సీసా చూపించింది. లార్వాలు తిండి మానేసి గాజు గోడెక్కాయి. "కదలడం కూడా మానేసిందే, ఇది కావాలి సార్. ఇంకాసేపట్లో ప్యూపా అయిపోతుంది" అంటూ ఒకదాన్ని ఉప్పునీటి చుక్కలో వేసింది. ఒక సూదితో ఒళ్లు అదిమిపట్టి, ఇంకోదానితో నోటి కొక్కేలు లాగింది. పారదర్శకమైన లాలాజల గ్రంథులు రెండూ కొవ్వు ముక్కతో సహా బయటికొచ్చాయి. వాటికి అసిటో-ఆర్సీన్ రంగు పట్టించి, కవర్ స్లిప్ వేసి, బొటనవేలితో గట్టిగా నొక్కింది. అంతే.

మైక్రోస్కోపులో చారల పట్టీని నలిపి పడేసినట్టు క్రోమోజోములు కనిపించాయి. ఈ గ్రంథిలో కణం విడిపోకుండానే డీఎన్ఏ మళ్లీ మళ్లీ రెట్టింపవుతుంది. వెయ్యి దాకా పోగులు పక్కపక్కనే అంటుకుని ఉంటాయి కాబట్టే ఇంత లావు. ముదురు చారల్లో క్రొమాటిన్, అంటే ప్రోటీన్లతో కలిసిన డీఎన్ఏ, దట్టంగా ముడుచుకుని ఉంది. మూడో క్రోమోజోము ఎడమ భుజం మీద మాత్రం దగ్గరదగ్గరగా రెండు చోట్ల చార చెదిరి, ఉబ్బి, పలచబడింది. పటంలో వాటి చిరునామాలు 74, 75. లార్వాను ప్యూపాగా మార్చే ఎక్డైసోన్ హార్మోను తగలగానే జన్యువులు పని మొదలుపెట్టిన చోట్లవి.

1960లో క్లేవర్, కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్తలు ఇంకో జాతి ఈగ లార్వాకు ఎక్డైసోన్ ఎక్కించి ఇలాంటి ఉబ్బులు పుట్టడం చూశారు. హార్మోను నేరుగా జన్యువుల దగ్గరే పనిచేస్తుందన్న ఆలోచనకు బలమిచ్చింది ఆ ప్రయోగమే. ఆ ఎక్డైసోన్‌ను అంతకు ఆరేళ్ల ముందు బూటెనాంట్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఇదే కార్ల్‌సన్ వేరుచేశాడు. అర టన్ను పట్టుపురుగు ప్యూపాల నుంచి దక్కింది 25 మిల్లీగ్రాములు!

"హార్మోను ఒళ్లంతా పారుతుంది కదమ్మా, మరి అన్ని కణాల్లోనూ ఇవే తెరుచుకోవాలిగా?" అని అడిగాను. ఆ అమ్మాయి నవ్వి, అదే భుజం మీద 68 దగ్గర వేలు పెట్టింది. ప్యూపాను గోడకు అతికించే జిగురు జన్యువులు అక్కడ ఉంటాయి. అవి లాలాజల గ్రంథిలోనే పనిచేస్తాయి. ఎక్డైసోన్ బాగా పెరిగేసరికి అక్కడి ఉబ్బు అణిగిపోతుంది. హార్మోను ఒకటే, క్రోమోజోమూ ఒకటే. ఒకచోట తెరుస్తుంది, ఇంకోచోట మూస్తుంది.

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఎనిమిది హిస్టోన్ ప్రోటీన్ల గుత్తి చుట్టూ 147 అక్షరాల డీఎన్ఏ చుట్టుకుంటే ఒక న్యూక్లియోజోమ్. హార్మోనును పట్టుకుని జన్యువు దగ్గర అతుక్కునే ప్రోటీన్లు రిసెప్టర్లు. ఆ చుట్టలో దాగిన చిరునామా వాటిలో చాలావాటికి అందదు. ఏ చోటు తెరిచి ఉంచాలో, ఏది మూసి ఉంచాలో కణం ఎదుగుతున్నప్పుడే చాలామటుకు తేలిపోతుంది. ఎలుక కణాల మీద 2011లో వచ్చిన ఒక పరిశోధనలో గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ అతుక్కున్న చోట్లలో అత్యధికం హార్మోను రాకముందే తెరిచి ఉన్నవని తేలింది. రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌కు ముందుగా దారి చేసిపెట్టేది ఫాక్స్ఏ1 అనే ప్రోటీన్. దాన్ని తగ్గిస్తే రిసెప్టర్ తన చోట్లలో చాలావాటిని పట్టుకోలేకపోతుంది. అలాగని రిసెప్టర్ ఉత్త అతిథేమీ కాదు. న్యూక్లియోజోములను జరిపే ప్రోటీన్లను పిలిపించి, మూసిన చోట్లు కొన్ని తనే తెరిపిస్తుంది.

మేము చదువుకున్న రోజుల్లో హార్మోను తాళంచెవి, రిసెప్టర్ తాళం అని చెప్పి పాఠం ముగించేవారు. అది సగం పాఠమే.

జువాలజీ లెక్చరర్లకు ఒక మనవి. దీనికి కోట్ల రూపాయల యంత్రాలేమీ అక్కర్లేదు. సీసాలో అరటిపండు, రెండు సూదులు, కాస్త రంగు, మామూలు మైక్రోస్కోపు చాలు. ఒక్క మధ్యాహ్నం మీ డిగ్రీ పిల్లలతో చేయించండి.