ఒంటిమిట్ట యాత్ర – శాకాహారుల బృందానికి హోటలు భోజనం

కడపలో తిరుపతి వైపు వెళ్ళే బస్సెక్కితే, 25 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఒంటిమిట్ట రాజగోపురం కనిపిస్తుంది. బస్సులోంచే చూసి ఒక నమస్కారం పెట్టి సాగిపోయేవారు చాలామంది. ఈసారి మీరు అలా చేయకండి, దిగి చూడండి. సీతారామలక్ష్మణుల విగ్రహాలను ఇక్కడ ఒకే శిలలో మలిచారు. అందుకే దీనికి ఏకశిలానగరమని పేరు. రాముడున్న చోట హనుమంతుడుండాలి గదా! ఈ గర్భగుడిలో మాత్రం ఆయన కనిపించడు. విజయనగరం నాటి శిల్పుల చేతిపని మంటపం స్తంభాలమీద ఇంకా నిలిచే ఉంది. 1652లో ఈ దారిన వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే గోపురాన్ని చూసి మెచ్చుకున్నాడని చెబుతారు. ఇమాంబేగ్ అనే ముస్లిం అధికారి తవ్వించిన బావికి నేటికీ ఆయన పేరే. రాష్ట్ర విభజన తర్వాత, 2015 నుంచి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శ్రీరామనవమి ఉత్సవాలను అధికారికంగా ఇక్కడే జరిపిస్తోంది. అన్నిచోట్లా కల్యాణం పగలు జరిగితే ఇక్కడ రాత్రి, పండువెన్నెల్లో జరుగుతుంది.

ఇదంతా ఆరోగ్య శీర్షికలో ఎందుకంటారా? చెబుతాను.

ఇటువంటి క్షేత్రానికి ఒంటరిగా వెళ్ళేవారు తక్కువ. కాలనీవారు, భజన మండలివారు, ధ్యానం నేర్చుకునేవారు ముప్ఫై నలభైమంది కలిసి బస్సు మాట్లాడుకుని వెళతారు. 1990లో సుభాష్ పత్రి కర్నూలులో ప్రారంభించిన పిరమిడ్ ధ్యాన ఉద్యమం ధ్యానంతోబాటు శాకాహారాన్నీ ప్రచారం చేసింది. కాబట్టి తాతల నాటి నుంచి మాంసం ఎరుగని ఇళ్ళవారే కాక, నడివయసులో మాంసం మానినవారు కూడా ఇలాంటి బృందాల్లో ఉంటారు. ఈ మధ్య మూడోరకం వారు కూడా చేరారు. వీరు పాలు, పెరుగు, నెయ్యి, తేనె సైతం ముట్టరు. వీరినే వీగన్లంటున్నారు. చాలా ఇళ్ళలో కాలేజీలో చదివే పిల్లలే మొదట ఈ దారి పడుతున్నారు.

ఇంతమందికీ హోటల్లో భోజనం ఏర్పాటు చేసే పని మీ నెత్తిన పడిందనుకోండి. "శాకాహారమే గదా, ఏ హోటలైతేనేం!" అనుకుంటే కుదరదు. ముప్ఫై ఆకులు వేశాక ఇద్దరు ఒట్టి అన్నం, ఊరగాయతో లేచారంటే అది మర్యాదకు సంబంధించిన లోపం మాత్రమే కాదు. మండుటెండలో సగం కడుపుతో తిరిగితే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. మధుమేహానికి మాత్రలు వేసుకున్న పెద్దవారికి భోజనం గంట ఆలస్యమైనా ప్రమాదమే.

పేరు కాదు, పదార్థం చెప్పండి

హోటలు యజమానితో "మావాళ్ళు వీగన్లండీ" అంటే ఆయన తల ఊపుతాడు గాని ఆ తల ఊపు వంటవాడి దాకా చేరదు. మన దృష్టిలో శాకాహారమంటే పాలు, నెయ్యి ఉన్నదే. అందుచేత పదార్థాల పేర్లే చెప్పాలి. "నలుగురికి నెయ్యి, పెరుగు, పాలు, వెన్న పడవు. వాళ్ళ పప్పు తాలింపు నూనెతో వేయించండి" అంటే ఎవరికైనా అర్థమవుతుంది. "నెయ్యి వద్దు" అని ఊరుకుంటే కొన్నిచోట్ల వనస్పతి వేస్తారు. వనస్పతి పాలనుంచి వచ్చేది కాదు గాని గుండెకు మంచిది కాదు. శెనగనూనె వాడమని విడిగా చెప్పండి.

పరోటా పిండిలో కొన్ని హోటళ్ళలో గుడ్డు కలుపుతారు. కాబట్టి మాంసం మానినవారు కూడా అడిగి తినాలి. మాంసం వేయించిన మూకుడులోనే కూరలు వేయించే చోట్లున్నాయి. సాధ్యమైనంతవరకు శుద్ధ శాకాహార హోటలునే చూసుకోండి. పొట్లాల మీద ఉండే ఆకుపచ్చ చుక్కను చూసి కూడా పొరపడకండి. ఆ చుక్కకు అర్థం మాంసం, గుడ్డు లేవని. పాలు లేవని కాదు. పాలు కూడా లేని ఆహారానికి మన దేశంలో 2022లో వేరే నిబంధనలు వచ్చాయి, దానికి గుర్తు కూడా వేరే ఉంది.

అడగడానికి మొహమాటపడేవారికి ఒక మాట. వావిలికొలను సుబ్బారావు గారు టెంకాయచిప్ప చేతబట్టుకుని ఊరూరా తిరిగి, యాచించిన డబ్బుతో ఈ ఒంటిమిట్ట గుడిని బాగుచేయించారు. అటువంటి ఊరికి వెళుతూ, డబ్బిచ్చి తినే భోజనంలో నెయ్యి వద్దని చెప్పడానికి సిగ్గెందుకు?

ముందు రోజు చేయవలసిన పనులు

ఒంటిమిట్ట చిన్న ఊరు. ఒక్కసారిగా నలభైమంది దిగితే అక్కడి చిన్న హోటళ్ళు తట్టుకోలేవు. ఉదయం టిఫిను కడపలో ముగించుకుని దర్శనానికి వెళ్ళి, మధ్యాహ్న భోజనం కడపలోనో రాజంపేటలోనో పెట్టుకోవడం మేలు. రాజంపేటకు వెళితే, అన్నమాచార్యుల తాళ్ళపాక కూడా దగ్గరే.

ముందుగా మీ బృందంలో ఎవరేమి తినరో కాగితం మీద రాసుకోండి. పాలు ముట్టనివారెందరు, ఉల్లి వెల్లుల్లి తిననివారెందరు, మధుమేహం, రక్తపు పోటు ఉన్నవారెందరు, శెనక్కాయలు పడనివారెవరైనా ఉన్నారా అని అడగండి. రాయలసీమ వంటల్లో శెనగగింజలు లేనివి తక్కువ గనుక చివరి ప్రశ్న మరిచిపోకండి. తర్వాత హోటలుకు ఫోను చేసి ఆకుల లెక్క, ఆకుకు ధర, వడ్డించే వేళ మాట్లాడుకుని కొంత అడ్వాన్సు ఇవ్వండి. మీ కాగితం నకలు ఒకటి వంట మేస్త్రీ చేతికి చేరేలా చూడండి. పాలు ముట్టనివారిని ఒకే బంతిలో కూర్చోబెడితే వడ్డించేవారికి తికమక ఉండదు.

సీమ వంటే సులువైన వంట

పాలు, నెయ్యి లేకపోతే ఇక తినడానికేముందని దిగులు పడకండి. రాయలసీమ వానలు తక్కువ పడే నేల. ఇక్కడ సామాన్యుడి కంచంలో నెయ్యి పండగనాటి వస్తువు. రాగిసంగటి, శెనగగింజల ఊరిబిండి, పుల్లగూర, కందిపప్పు, జొన్నరొట్టె, అలసంద వడలు ఇవన్నీ పాలచుక్క అవసరం లేనివే. వీగన్ భోజనమని పట్నాల్లో కొత్తగా చెప్పుకుంటున్నది ఈ సీమ రైతు ఎప్పటినుంచో తింటున్నదే సుమా!

పొద్దున టిఫినుకు ఉగ్గాని చెప్పండి. నానబెట్టిన బొరుగులు, ఉల్లిపాయ, పుట్నాల పొడి, నూనె తాలింపు, అంతే. కడప కారం దోసె కావాలంటే నెయ్యికి బదులు నూనెతో కాల్చమనండి. ఎర్రకారం కడుపులో మంటగా ఉండేవారికి పడదు, వారికి ఇడ్లీ మంచిది. మధ్యాహ్నం సంగటి, పప్పు, ఆకుకూర, ఊరిబిండి, చారు, నిమ్మకాయ చిత్రాన్నం ఉంటే అందరూ తినవచ్చు. పెరుగు, నెయ్యి గిన్నెలు విడిగా పెట్టిస్తే కావలసినవారు వేసుకుంటారు. తినగలిగేది అందరికంటే తక్కువ ఎవరికో, వారిని దృష్టిలో పెట్టుకుని వంట చెప్పడం, మిగతావారికి కావలసినవి పైన చేర్చడం – ఏర్పాటంతా ఈ ఒక్క సూత్రంలోనే ఉంది.

పోషణ మాట చూద్దాం. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే బరువు ఆవుపాలలో ఉండేది 120 మిల్లీగ్రాములే. అయితే సంగటి ముద్దలో బియ్యం కూడా కలుస్తుందని మరవకండి. 100 గ్రాముల శెనగగింజల్లో పాతిక గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి. పప్పు, తిండిగింజలు కలిపి తింటే ఒకదాని లోటును మరొకటి పూరిస్తుంది. అన్నం మీద నిమ్మరసం పిండుకుంటే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం కాగానే కాఫీ, టీ తాగితే ఆ మేలు తగ్గిపోతుంది. గంట ఆగి తాగండి.

ఒక్కటి మాత్రం ఆకులో దొరకదు

బి-12 విటమిను మొక్కల ఆహారంలో ఆధారపడదగినంతగా లేదు. పాలు, పెరుగు తీసుకునే శాకాహారులకు అవి సరిపడా తీసుకుంటే కొంత అందుతుంది. పాలు కూడా మానినవారికి దాదాపు అందదు. రోజుకు కావలసింది రెండు మైక్రోగ్రాముల పైచిలుకే, కాని ఆ రవ్వంతా లేకపోతే రక్తహీనత వస్తుంది, నరాలు దెబ్బతింటాయి. అరికాళ్ళలో తిమ్మిర్లు, నాలుక మంట, అలసట, మతిమరుపు దీని సూచనలు. శరీరంలో నిలవ ఉండడం వల్ల లోటు బయటపడడానికి ఏళ్ళు పట్టవచ్చు. "మానేసి మూడేళ్ళయింది, నాకేమీ కాలేదు" అనే ధీమా అందుకే పనికిరాదు. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ మాత్రలు చాలాకాలంగా వాడేవారిలో బి-12 ఇంకా తగ్గుతుంది. గర్భిణులు, బిడ్డకు పాలిచ్చే తల్లులు మరీ జాగ్రత్తపడాలి. తల్లిలోని లోటు బిడ్డకు సంక్రమిస్తుంది. పాలు మానినవారు బి-12 మాత్ర తప్పక వాడాలి. ఎంత మోతాదన్నది మీ డాక్టరు రక్తపరీక్ష చూసి చెబుతారు.

నియమం గొప్పదే, కాని శరీరం లెక్క శరీరానిదే. గాంధీగారి సంగతి చూడండి. లండనులో చదువుకునే రోజుల్లో శాకాహార హోటలు కోసం వీధులన్నీ గాలించి ఫారింగ్‌డన్ వీధిలో కనుక్కున్నారు. తరవాత తాముండే బేస్‌వాటరు పేటలో శాకాహారుల క్లబ్బు పెట్టి తామే కార్యదర్శిగా పనిచేశారు. ఆ క్లబ్బు కొద్ది నెలలే నడిచినా, సంస్థలు నడపడంలో తనకు కొంత శిక్షణ ఇచ్చిందని రాసుకున్నారు. పాలు మానుతానని వ్రతం పట్టిన ఆయనే 1918లో తీవ్రంగా జబ్బుపడి, ఆ తర్వాత మేకపాలకు ఒప్పుకోవలసి వచ్చింది. బి-12 సంగతి అప్పటికింకా ఎవరికీ తెలియదు. మనకు తెలుసు, మాత్ర కూడా మందుల షాపులో దొరుకుతుంది.

ఎండ, నీరు, నిలవ అన్నం

కల్యాణం జరిగే రోజుల్లో కడప ఎండలు నలభై డిగ్రీలు దాటడం మామూలే. దాహం కాకముందే నీళ్ళు తాగుతుండండి. కాచి చల్లార్చిన నీళ్ళు గాని సీలు ఉన్న సీసాలు గాని తీసుకువెళ్ళండి. మజ్జిగ తాగనివారికి ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్ళు, రాగిజావ ఉండనే ఉన్నాయి. రక్తపు పోటున్నవారు ఉప్పు తగ్గించుకోవాలి. విరేచనాలైతే లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. చెంచాలు చిన్నవి, కొలత తలగొట్టినది.

వండిన అన్నం ఎండలో రెండు గంటలకు మించి నిలవ ఉంచితే విషక్రిములు పెరుగుతాయి. తిరిగి వేడి చేసినా ఆ విషం పోదు. పొద్దున కట్టించిన పొట్లాలు సాయంత్రం విప్పకండి. హోటల్లో పొగలు కక్కే అన్నమే వడ్డించమనండి. చట్నీలు, కోసిపెట్టిన ఉల్లిపాయలు ఎంతసేపటివో అడగండి.

మధుమేహం మాత్ర గాని ఇన్సులిను గాని తీసుకునేవారు హోటలు చేరి, వడ్డన ఖాయమయ్యాకే తీసుకోవాలి. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం కనిపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకండి, ఆసుపత్రికి చేర్చండి. రాత్రి కల్యాణానికి ఆగేవారు సాయంత్రమే తేలికగా తిని, వేయించిన శెనగలు, అరటిపళ్ళు సంచిలో ఉంచుకోండి. కల్యాణం నాడు భక్తులకు అన్నప్రసాదాలు, మజ్జిగ పంచుతారు గాని ఆ రద్దీలో అందుతాయని నమ్ముకుని కూర్చోకండి.

ఇక ప్రసాదం. చక్కెర పొంగలిలో నెయ్యి ఉంటుంది. తీసుకోవాలా, కళ్ళకద్దుకుని పక్కవారికివ్వాలా అన్నది ఎవరి మనసుకు వారిదే. బస్సులో దాన్ని చర్చకు పెట్టకండి. పాలు ముట్టని పిల్లను "ఇంత పట్టుదలేమిటే" అని పెద్దలు దెప్పకూడదు. పెరుగన్నం తినే అవ్వను చూసి పిల్లలు ముఖం చిట్లించకూడదు. ఆ అవ్వకు మాత్రల వేళ గుర్తుచేసే పని పిల్లకు, పిల్ల ఆకులో సంగటి పడిందో లేదో చూసే పని అవ్వకు అప్పగించి చూడండి. ఏర్పాట్లు చూసే మీకు సగం బరువు తగ్గుతుంది.