పెదనాన్న మొహమాటం

మా గజపతినగరంలో పెదనాన్న మొహమాటం ప్రసిద్ధం. పరాయి ఇంట్లో మంచినీళ్లు అడగడానికి కూడా సిగ్గుపడేవారు. అటువంటి మనిషి 52వ ఏట పెళ్లిపందిట్లో పక్కవారి విస్తట్లోంచి బూరె తీసుకుని తినేశారు. "ఏమిటండీ ఇదీ!" అని పెద్దమ్మ చెయ్యి పట్టుకుంటే నవ్వారు. మతిమరుపా అంటే, పదహారో ఎక్కం గడగడా అప్పజెప్పేవారాయె! గాలి సోకిందన్నారు కొందరు. ఈ వయసులో బుద్ధి వక్రించిందన్నారు మరికొందరు. ఈ రెండో మాటకే పెద్దమ్మ ఎక్కువ ఏడ్చింది.

ఆ జబ్బు పేరు ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా. నుదుటి వెనకా, కణతల వెనకా ఉన్న మెదడు భాగాలు కృశించిపోతాయి. మన నోటికీ చేతికీ కళ్లెం వేసేవి ముఖ్యంగా అవే గదా! ప్రేగ్ నగరంలో ఆర్నాల్డ్ పిక్ అనే డాక్టరు 1892లోనే ఇటువంటి రోగిని గురించి రాశాడు.

తాతయ్య కూడా ఆఖరి రోజుల్లో ఇలాగే ఉండేవారట. కొన్ని కుటుంబాల్లో ఇది వంశంలో దిగుతుంది. 17వ క్రోమోజోము మీద టావు జన్యువులో లోపాన్ని 1998లోనూ, అదే క్రోమోజోము మీద ప్రోగ్రాన్యులిన్ జన్యువులో లోపాన్ని 2006లోనూ, 9వ క్రోమోజోము మీద మరొకదాన్ని 2011లోనూ కనుక్కున్నారు. పెదనాన్న రక్తంలో బయటపడింది ప్రోగ్రాన్యులిన్‌ది. జన్యువుల జతలో ఒకటి చెడితే ఆ మాంసకృత్తి సగమే తయారవుతుంది. దాంతో మెదడు కణాల్లో టీడీపీ-43 అనే మరో మాంసకృత్తి ఉండలు కడుతుంది. (పేరు చూసి నవ్వకండి, దీనికి రాజకీయాలతో సంబంధం లేదు!)

ఇదంతా విని పెద్దమ్మ, "అయితే ఆయన బుద్ధి మంచిదేనన్నమాట, బాబూ" అంది. ఆ రాత్రి కడుపునిండా అన్నం తింది.

కాని తండ్రికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. మా నాన్నకు 71 వచ్చినా ఇంకా మొహమాటపడుతూనే ఉన్నారు. అది చూసి మేమంతా సంతోషిస్తాం. పెదనాన్న కూతురికి 29. ఆపే మందు లేని జబ్బుకు ముందే పరీక్ష ఎందుకంటుంది. హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన సంగతి చెప్పాను: ఒక్క భాషే వచ్చినవారికన్నా రెండు వచ్చినవారికి డిమెన్షియా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందట, ఈ రకంలోనైతే సుమారు ఆరేళ్లు.

"అలాగైతే ఒరియా నేర్చుకుంటానన్నయ్యా" అని నవ్వింది.

మొన్న పెళ్లిచూపుల్లో మాత్రం, మేము వారిస్తున్నా వినకుండా, తండ్రి జబ్బు సంగతి అబ్బాయికి తనే చెప్పేసింది. వాళ్లు రెండు రోజులు గడువు అడిగారు. ఇవాళ నాలుగో రోజు.