ఆ సూది ఒక్కటీ వద్దంటారు

"రక్తం ఎన్ని సీసాలైనా ఎక్కించండి సార్, వెన్నులో సూది మాత్రం వద్దు." మూలుగ పరీక్ష అనగానే నాకు వినపడే మాట ఇదే. ఆదివారం మూలుగ బొక్క కోసం కంచం దగ్గర పోట్లాడుకునేవాళ్లు కూడా తమ ఎముకలో ఏముందో చూస్తామంటే దండం పెట్టి లేచిపోతారు.

వెన్నులో కాదు బాబూ, తుంటి ఎముక వెనకవైపు. వెన్నుపాము నడుము పైభాగంలోనే ఆగిపోతుంది. మా సూది దాని దరిదాపులకు పోదు. గుచ్చేచోట మత్తు ఇస్తాం. మూలుగ లాగే ఆ కొద్ది క్షణాలు నొప్పి ఉంటుంది, అబద్ధం చెప్పను. కాళ్లు పడిపోవు, మగతనం పోదు.

పుట్టినప్పుడు దాదాపు అన్ని ఎముకల్లోనూ ఎర్ర మూలుగే. పెద్దయ్యేసరికి కాళ్లూ చేతుల్లో చాలావరకు కొవ్వుగా మారి తుంటి, రొమ్మెముక, పక్కటెముకలు, వెన్నుపూసలు, పుర్రెలో ఎర్రది మిగులుతుంది. రోజుకు సుమారు 20,000 కోట్ల ఎర్రకణాలు అక్కడే పుడతాయి. తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ అక్కడివే. ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు, ప్లేట్‌లెట్‌ది పది రోజుల లోపే. మరి మూడూ ఒక్కసారే పడిపోయాయంటే? మూలుగ ఎండిపోయి ఉండొచ్చు. క్యాన్సర్ కణాలతో నిండిపోయి ఉండొచ్చు. పోషకం అందక కణాలు ఎదగకుండానే చస్తూ ఉండొచ్చు. రిపోర్టులో అంకెలు మాత్రం మూడింటికీ ఒకేలా కనిపించగలవు. కారణం వెతక్కుండా రక్తం ఎక్కిస్తూ పోవడం, మోటారు కాలిపోతే బిందెలతో ట్యాంకు నింపుకోవడమే.

ఒక పెద్దాయన. మాంసం ముట్టరు, పాలూ మానేశారు. హిమోగ్లోబిన్ 4. క్యాన్సరని తేలుతుందేమోనని కొడుకులు పరీక్ష వద్దని ఊళ్లు తిప్పారు. తిప్పిన ప్రతిచోటా రక్తం ఎక్కించారు. చివరికి ఆయనకే విసుగొచ్చి, "చావేదో తెలిసే చస్తాను, గుచ్చు నాయనా" అన్నారు. క్యాన్సర్ లేదు. బి12 లేక కణాలు ఎదగడం లేదు. రక్తపరీక్షా అదే చెప్పింది. ఇంజెక్షన్లు ఇచ్చాం. వారానికే కొత్త కణాలు కనిపించాయి. కొడుకులు కార్ల అద్దెకు పోసిన డబ్బుతో ఆ మందు ఊరందరికీ కొనొచ్చు.

అన్ని కథలూ ఇలా తేలవు. ఆరేళ్ల పిల్లాడు, జ్వరం, కాళ్ల నొప్పులు. ఊళ్లో ఆర్‌ఎంపీ స్టెరాయిడ్ ఇంజెక్షన్ పొడిచాడు. జ్వరం తగ్గింది, తల్లి దండం పెట్టింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పొడిచాడు. స్టెరాయిడ్ ల్యుకేమియాను, అంటే రక్త క్యాన్సర్‌ను, కొన్నాళ్లు అణిచి ముసుగేస్తుంది. చిగుళ్లలోంచి రక్తం కారుతుండగా నా దగ్గరికి తెచ్చారు. తండ్రి సూది వద్దన్నాడు, ఇంటికి తీసుకుపోయాడు.

ల్యుకేమియా పిల్లల్లో జబ్బు కొంతకాలమైనా వెనక్కి తగ్గిందని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. ఆయన వాడిన అమినోప్టెరిన్‌ను తయారుచేసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం. ఇవాళ త్వరగా గుర్తించి, మధ్యలో మానకుండా మందులు పూర్తిచేస్తే, పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం ల్యుకేమియా చాలామందికి నయమవుతుంది. మనవాడి చేతి మందుతో మొదలైన దారి అది. మన ఊరి పిల్లాడే దాని మొదట్లో ఆగిపోయాడు.

ఆ పిల్లాణ్ని మళ్లీ తెచ్చేసరికి ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకింది. అప్పుడు తండ్రి పరీక్షకు ఒప్పుకున్నాడు. మందులు మొదలుపెట్టాం, పిల్లాడు నిలబడలేదు. తండ్రి నన్ను ఒకటే అడిగాడు: "ఆ సూది వల్లేనా సార్?" కాదని చెప్పాను. నమ్మినట్టే తలూపాడు. నెల తిరక్కుండా అదే మండలం నుంచి ఒకావిడ వచ్చి, "మా వైపు ఒక పిల్లాడు ఆ సూదితోనే పోయాడంట కదా" అంది. స్టెరాయిడ్ పొడిచినవాడి పేరు ఆ కథలో ఎక్కడా లేదు.

ఆవిడ మీద కోప్పడి లాభం లేదు. కూర్చోబెట్టి తుంటి ఎముక ఎక్కడుందో, వెన్నుపాము ఎక్కడ ఆగిపోతుందో ఆవిడ నడుం మీదే వేలు పెట్టి చూపించాను. మీకూ అదే చెబుతున్నాను. రెండోసారి రక్తం ఎక్కించాలని ఎవరన్నా అంటే, అది ఏ గ్రూపో తర్వాత అడగండి. ముందు, ఎందుకు తగ్గిందని అడగండి. జవాబు లేకుండా సీసా తగిలించేవాణ్ని చూసి భయపడండి, నా సూదిని చూసి కాదు.