పైనుంచి కిందికి చినిగిన తెర

మన లైన్లలో ఎల్లమ్మ గుడికి పోయేవాళ్లున్నారు, దర్గాకు పోయేవాళ్లున్నారు, చర్చికి పోయేవాళ్లున్నారు. ఇది అందరి పత్రిక. అందుకని మతం సంగతి రాయాలంటే నాకు కాస్త బెరుకే. కానీ పోయిన వానాకాలంలో మా సందులో ఒక అమ్మాయి అడిగిన మాట చాలామంది మనసుల్లో ఉన్నదే. దానికి నాకు తెలిసినంతలో జవాబు రాస్తున్నా. నేను చదివింది అయిదో క్లాసు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు మగ్గాల దగ్గర నిలబడ్డా. బైబిలు చదవడం మటుకు ఎప్పుడూ మానలేదు.

ఆ అమ్మాయి ఇక్కడే పీణ్యలో గార్మెంట్స్‌లో టైలరు. భర్త పోయాడు. శవం ఇంట్లో ఉంది, ఫ్రీజర్ పెట్టెకు బాడుగ నడుస్తా ఉంది. ఆమె పోయే చర్చికి కబురంపితే, ఏడాదిగా చందా బాకీ ఉంది, అది కట్టండి, తర్వాత వస్తాం అన్నారు. ఆ చర్చి పేరు ఇక్కడ అనవసరం. చీకటి పడకముందే మేం పదిమందిమి కలిసి పూడ్చిపెట్టాం. వాక్యం నేను చదివాను. డబ్లింగు ఖాతాలో పనిచేసి రిటైరైన ఒక పెద్దమ్మ ప్రార్థన చేసింది. మట్టి వేసి వస్తుంటే ఆ పిల్ల నన్నడిగింది: "పెదనాన్నా, పాస్టరు లేకుండా చేశాం గదా, ఇది చెల్లుద్దా?"

చెల్లుద్దమ్మా అన్నాను. ఎందుకు చెల్లుద్దో ఆ రోజు చెప్పే వేళ కాదు.

మోషే కాలం నాటి పాత నిబంధనలో యాజకుడు కావాలంటే లేవి గోత్రంలో పుట్టాలి, అందులోనూ అహరోను వంశం కావాలి. గుడారంలో లోపలి గది అతి పరిశుద్ధ స్థలం. దానికి అడ్డంగా తెర. మామూలు జనం సంగతి సరే, తక్కిన యాజకులు కూడా ఆ తెర దాటకూడదు. ప్రధాన యాజకుడు ఒక్కడే, ఏడాదికి ఒక్క రోజు, రక్తం తీసుకుని లోపలికి పోవాలి. ఈ లెక్క మా తాతలకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. గుడి బయట, బావికి దూరంగా నిలబడి బతికినవాళ్లు. పుట్టుకను బట్టి దారి వదలడం అంటే ఏంటో వాళ్లకు తెలుసు.

ఇక ఆ తెర. నిర్గమకాండంలో దాని లెక్కంతా ఉంది. నీలం, ఊదా, ఎరుపు నూలు, పేనిన సన్న నార. పేనిన అంటే మన డబ్లింగే. ఒంటి పోగు కాదన్నమాట. దాని మీద కెరూబుల బొమ్మలు. తర్వాత యెరూషలేము దేవాలయంలో వేలాడిన తెర మందం బెత్తెడని యూదుల పాత పుస్తకాల్లో ఉందట. బెత్తెడు మందం బట్ట! అది ఏ మగ్గం మీద నేశారో, ఎంతమంది మోశారో అని నేను చాలాసార్లు ఆలోచించా. మన డ్రిల్లు గుడ్డే చేత్తో చింపాలంటే అంచు దగ్గర కత్తెరతో గాటు పెట్టాలి. అట్లాంటిది, యేసు ప్రాణం విడిచినప్పుడు ఆ తెర పైనుంచి కిందికి రెండుగా చినిగిందని మత్తయి రాశాడు. కింద నిలబడ్డ మనిషి చింపితే కింది అంచు నుంచి మొదలవ్వాలి. పైనుంచి మొదలైందంటే అది మనిషి పని కాదు.

బట్టల పని చేసినోణ్ణి కాబట్టి నాకు ఇంకో రెండు గుడ్డలు కూడా కనపడతాయి. ప్రధాన యాజకుడు బట్టలు చింపుకోకూడదని ధర్మశాస్త్రం. యేసును విచారించిన రాత్రి ఆ ప్రధాన యాజకుడే బట్టలు చింపుకున్నాడు. సిలువ దగ్గర సైనికులు యేసు బట్టలు నాలుగు వాటాలు వేసుకున్నారు గానీ, ఆయన అంగీ కుట్టు లేకుండా పైనుంచి మొత్తం నేసింది కాబట్టి చింపకుండా చీట్లు వేశారు. అసలైన యాజకుడి అంగీ ఏదో ఆ సైనికులకు తెలిసి చేసింది కాదు.

నిబంధన అంటే ఒప్పందం. యూనియన్ కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టాక పాతది నడవదని మనకు తెలుసు. కొత్త నిబంధన చేస్తానని, ధర్మాన్ని రాతి మీద కాకుండా గుండెల మీద రాస్తానని దేవుడు యిర్మియా చేత ముందే చెప్పించాడు. ఆఖరి భోజనంలో గిన్నె ఎత్తినప్పుడు యేసు ఆ మాటే గుర్తు చేశాడు. హెబ్రీయులకు రాసిన పత్రికలో దీన్ని చక్కగా వివరించారు. పాత యాజకులు చచ్చిపోతుంటారు, ఒకరు పోతే ఇంకొకరు రావాలి, మిల్లులో బదిలీవాళ్ల మాదిరి. యేసు అట్లా కాదు, పర్మినెంటు. పైగా ఆయన లేవి గోత్రం కూడా కాదు, యూదా గోత్రం. పాత రూలు ప్రకారం బలిపీఠం దగ్గరికి రానివ్వరు. పేతురైతే నమ్మిన అందరినీ యాజకులనే అన్నాడు.

ఇది పుస్తకంలో మాటే కాదు, మా పక్క జరిగింది కూడా. మాది ఒంగోలు దగ్గర. అక్కడ మొదట్లో ఊరూరా తిరిగి సువార్త చెప్పింది యర్రగుంట్ల పేరయ్య, తోలు పని చేసుకునే మాదిగ. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. దొర నీళ్లలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కోసారి ఇద్దరిద్దరుగా, మునిగించారు. మా తాత వాళ్ల తాత కూడా ఆ రోజు మునిగాడని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు.

2013లో నంద్యాలకు పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, దక్షిణ ఇండియా సంఘంలో ఆడమనిషి బిషప్ కావడం అదే మొదలు. 2022లో హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు, దళితుల్లో మొదటివారు. ఇట్లా వందేళ్ల పైన నడిచి వచ్చాక, చందా రసీదు చూపిస్తేనే ప్రార్థన అంటే, చినిగిన తెరకు మళ్లీ కుట్టు వేస్తున్నట్టు లేదా?

పాస్టర్లు వద్దని నేను అనడం లేదు. వాక్యం నేర్పడానికి, తప్పుదారి పడితే మందలించడానికి, రాత్రి రెండు గంటలకు ఆస్పత్రికి వచ్చి పక్కన కూర్చోడానికి మనిషి కావాలి. అట్లాంటివాళ్లను నేను చూశా, కాళ్లకు చెప్పులు లేకుండా తిరిగినవాళ్లను కూడా. వాళ్ల కడుపు నిండాలి, చందా ఇవ్వాలి. ఇవ్వలేని ఇంట్లో శవం లేచినప్పుడు మటుకు బాకీ మాట ఎత్తకూడదు.

ఆ అమ్మాయికి ఈ సంగతులన్నీ మెల్లగా చెప్పాను. తెర సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు ఆమె ఇంట్లోనే కూడుకుంటున్నాం, పాట ఆమే ఎత్తుతుంది. వారానికి ఇంటికి ఇరవై రూపాయలు వేసుకుంటున్నాం, ఎవరింట్లో చావు జరిగినా పెట్టె బాడుగకు, గుంట తవ్వినవాళ్లకు. కులం, చర్చి అడగం. డబ్బా మటుకు మూల ఇంటి ఇస్త్రీ అక్క దగ్గర పెట్టాం. ఆమె ఎల్లమ్మ గుడికి పోతుంది, కానీ లెక్కలో పైసా తేడా రానివ్వదు.