తూర్పు గదా, పడమటి గదా?

హావ్‌లాక్‌లో గది వెతకడమంటే నాకు ముందు దిక్కు తేల్చుకోవడం. 2018లో స్వరాజ్ ద్వీప్ అయిన ఈ అండమాన్ దీవిలో తీరాలకు నంబర్లున్నాయి. మూడు, అయిదు తూర్పున. పేరుమోసిన ఏడు, అంటే రాధానగర్, పడమట. బసలు ఎక్కువగా తూర్పునే. బజారు, డైవింగ్ సెంటర్లు కూడా అటే.

హోటళ్ల ఫొటోలన్నీ పోటు వేళ తీసినవే. అప్పుడు నీళ్లు గుమ్మం దాకా వచ్చినట్టుంటాయి. పాటు వేళ తూర్పున సముద్రం చాలా దూరం వెనక్కిపోతుంది. రాళ్లు, పగడపు ముక్కలు బయటపడతాయి, ఈత కుదరదు. నాకు మాత్రం ఆ వేళే ఇష్టం: గుంటల్లో చిక్కుకున్న చేపపిల్లల్ని, అడ్డంగా పరిగెత్తే పీతల్ని చూస్తూ గంటలు గడిపేయొచ్చు. ఈతకని డబ్బు కట్టినవాళ్లకు ఈ మాట చెప్పకూడదనుకోండి.

రాధానగర్ ఇసుక మెత్తన, మునగడానికి హాయి. కానీ గడియారం మనదే, దీవేమో బాగా తూర్పున. చలికాలంలో సాయంత్రం 5 దాటగానే పొద్దు గూకుతుంది. ఆపైన బజారు 10 కిలోమీటర్ల దూరం. రిసార్టువాడు ఎంతంటే అంతకు తినాలి. తూర్పున గుడిసె, సాయంత్రానికి అద్దె స్కూటరు: నా ఓటు దానికే.

సముద్రం ఎగసిపడితే ఫెర్రీలు ఆగిపోతాయి. కాబట్టి విమానానికి ముందు రాత్రి శ్రీ విజయపురంలో, అంటే నిన్నటి పోర్ట్ బ్లెయిర్‌లో ఉండాల్సిందే. అక్కడ తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. అదృష్టముంటే గది బేరం తెలుగులోనే తెగుతుంది.