కింద అంగడి, మీద ఇల్లు

ఆదోనిలో ఇల్లు కొనాలనుకునే మనవాళ్లు ఈ మధ్య తరచుగా ఒకే మాట అడుగుతున్నారు. "కింద అంగళ్లు, మీద ఇండ్లు ఉండే అపార్ట్‌మెంటప్పా, తీసుకోవచ్చునా?" అని. జొన్నగిరి, తుగ్గలి, పత్తికొండ వైపు నుంచి పిల్లల చదువుల కోసం వచ్చేవాళ్లు వీళ్లలో ఉన్నారు. ఆలూరు, కోసిగి వాళ్లూ ఉన్నారు. ఊళ్లో సొంత మిద్దె, ముందు వాకిలి, వెనక దొడ్డి పెట్టుకుని బతికినవాళ్లకు షట్టర్ల మీద కాపురమంటే గుబులుగానే ఉంటుంది. నన్నడిగితే, తీసుకోండి అనే చెబుతాను. కాకపోతే డబ్బులిచ్చే ముందు కొన్ని సంగతులు తేల్చుకోవాలి. తీరిగ్గా కూర్చోండి, ఒక్కొక్కటే చెప్పుకుందాం.

ముందు ఆ గుబులు సంగతి చూద్దాం. కింద వ్యాపారం, మీద కాపురం ఆదోనికి కొత్తేమీ కాదు. మద్రాసు నుంచి వచ్చిన రైలుమార్గం, బొంబాయి నుంచి వచ్చిన మార్గం 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆ దారి మీదే ఉన్న ఆదోని పత్తికి అప్పటినుంచి బొంబాయి దగ్గరైపోయింది. జిన్నింగు మిల్లులు, మండీలు, బట్టల అంగళ్లు పెరిగి, జనం ఈ ఊరిని రెండో బొంబాయి అనేదాకా వచ్చింది. పాత బజారు వీధుల్లో ఇప్పటికీ నిలబడి ఉన్న ఇండ్లను చూడండి. ముందర అంగడి, దాని వెనక సరుకుల గది, పక్కన ఇరుకు మెట్లు, మీద సంసారం. వంటింట్లోంచి అన్నానికి పిలిస్తే కింద గద్దె మీద కూర్చున్నాయనకు వినబడేది. గోడలు రాతివి. దూలాల మీద దంతెలు, వాటి మీద బండలో కట్టెలో పరిచి, ఆ పైన చౌడుమట్టి మెత్తిన మిద్దె. మధ్యలో ఒక గవాక్షి. మన ఎండలకు ఆ మట్టి మిద్దె కింద ఉన్న చల్లదనం ఈనాటి స్లాబు కింద దొరకదు.

ఆ ఇండ్లకు గడప పక్కన అరుగు ఉండేది. పత్తి తూకమై, లెక్క తేలి, డబ్బులు చేతికి వచ్చేదాకా పల్లె నుంచి వచ్చిన రైతు ఆ అరుగు మీదే కూర్చునేవాడు. సద్దిమూట అక్కడే విప్పేవాడు. ఇంటావిడ చెంబుతో నీళ్లు పంపేది. అంగడికీ ఇంటికీ మధ్య ఆ రెండు మూరల జాగా ఇద్దరిదీ.

ఇక ఎమ్మిగనూరు సంగతి తీసుకోండి. మాచాని సోమప్పగారు 1938లో అక్కడ చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టారు. 1954లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. నేతగాడి ఇంట్లో మగ్గం గుంట ఒక పక్క, పొయ్యి ఒక పక్క. భర్త నేస్తుంటే భార్య కండెలు చుట్టేది. మగ్గం చప్పుడు మధ్యనే పసిపిల్లలు నిద్రపోయేవాళ్లు. పనిచేసే చోటును, పడుకునే చోటును విడదీసి ఊరికి ఈ చివరొకటి, ఆ చివరొకటి పెట్టుకోవాలన్న ఆలోచన మన పడమటి కర్నూలులో ఎవరికీ రాలేదు.

మన దగ్గరే కాదు. ఇటలీలో రోము నగరానికి రేవుపట్టణంగా ఉండిన ఓస్టియాలో, దాదాపు 1,900 ఏళ్ల కిందట కట్టిన అంతస్తుల ఇటుక భవనాల శిథిలాలు ఉన్నాయి. వీధి వైపు వరసగా అంగళ్లు, మీద అద్దె కాపురాలు. అక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. మేడ మీదికి పోయే మెట్లు నేరుగా వీధిలోకి తెరుచుకుంటాయి. ఇంటికి పోయేవాడు అంగడిలోంచి దూరి పోనక్కర్లేదు. అంత పాతకాలపు మేస్త్రీకి తట్టిన ఈ చిన్న ఉపాయం ఇవాళ మన ఊళ్లలో కొన్ని ప్లాన్లలో కనబడడం లేదు. అద్దె ఎక్కువ వస్తుందని మెట్ల ముందరి జాగాలో కూడా ఇంకో షట్టర్ దింపేస్తున్నారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. పాత ఇంట్లో అంగడిదీ, కాపురందీ ఒకటే కుటుంబం. నీళ్లు తక్కువైనా, పొగ ఎక్కువైనా, రాత్రి బేళ్లు దించే చప్పుడుతో నిద్ర చెడినా పంచాయితీ అన్నం దగ్గరే తెగిపోయేది. కొత్త అపార్ట్‌మెంటులో అంగడి ఒకరిది, దాన్ని అద్దెకు నడిపేది ఇంకొకరు, పైన ఉండేది వేరే ఇరవై కుటుంబాలు. ఒకరి ముఖం ఒకరికి తెలియదు. పాతకాలంలో నోటిమాటతో తేలిపోయినవి ఇప్పుడు కాగితం మీదికి ఎక్కాలి. ఎక్కని చోటనే గొడవలు. కింద అంగడి ఉండడం తప్పు కాదు, వాళ్లకూ మనకూ మధ్య ఒప్పందం లేకపోవడమే తప్పు.

మొదటిది నీళ్లు. మనకు దిక్కు తుంగభద్ర దిగువ కాలువ. కాలువ పారినప్పుడు చెరువులు నింపుకుని, ఎండాకాలమంతా వాటినే పొదుపుగా వాడుకునే ఊళ్లు మనవి. 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గరి తుంగభద్ర డ్యాములో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు, వారం తరువాత తాత్కాలికంగా గేటు బిగించేదాకా ఇక్కడ ఎంతమంది గుండెలు అరచేతిలో పెట్టుకున్నారో మీకు తెలుసు. అలాంటి చోట కింద హోటలు, మీద ఇరవై ఇండ్లు ఒకే సంపు మీద, ఒకే మోటారు మీద ఆధారపడితే ఏమవుతుంది? హోటలుకు పొద్దున నాలుగింటికే నీళ్లు కావాలి. ఇండ్లకు ఆరింటికి కావాలి. నాలుగింటికి లేచినవాడికి నీళ్లు, ఆరింటికి లేచినవాళ్లకు ఖాళీ ట్యాంకు. అంగళ్లకు వేరే సంపు, వేరే మీటరు ఉన్నాయా లేవా అని ముందే అడగండి. మురుగు కాలువ ఎటు పోతుందో, హోటలు జిడ్డును పట్టి ఆపే తొట్టి ఉందో లేదో కూడా చూడండి. నాపరాయి పరిచిన వరండాలు చూసి మురిసేది ఆ తరువాత.

రెండోది పొయ్యి. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ లేకుండా మనకు తెల్లవారదు. కింద పొద్దున్నే బొరుగులు నానబెట్టి, పిండి, తాలింపు వేసి, పుట్నాల పొడి చల్లుతుంటే ఆ వాసనకు నిద్ర లేవడం భాగ్యమే. కానీ ఆ పక్కన బజ్జీల మూకుడు మధ్యాహ్నం దాకా కాగుతూనే ఉంటుంది. ఆ నూనె పొగ మొదటి అంతస్తు కిటికీలోంచి ఇంట్లోకి వస్తే, ఆరేసిన బట్టలకూ బాలింత గదికీ అదే వాసన. పొగగొట్టం మేడ చివరదాకా పోవాలి. అది ప్లానులో లేకపోతే ఆ షట్టరును హోటలుకు ఇవ్వకూడదని రాయించుకోవాలి. మెడికల్ షాపు, టైలరు, కిరాణా అంగడి, జిరాక్సు అయితే ఏ ఇబ్బందీ లేదు.

మూడోది బండ్లు. పత్తి సీజనులో మార్కెట్ యార్డుకు వచ్చిన జనం సాయంత్రం బజారులో సామాన్లు కొనుక్కునే పోతారు. వాళ్ల మోటారు సైకిళ్లు ఎక్కడ నిలబడాలి? మన గేటు ముందరే. సెల్లారులో పార్కింగు అని చూపించి, తరువాత దాన్ని గోదాముగా మార్చేసిన చోట్లు అందరం చూసినవే. అంగళ్లకు వచ్చేవాళ్లకు ఒక జాగా, ఇండ్లవాళ్లకు ఒక జాగా గీత గీసి విడదీసి ఉంటే రోజూ సాయంత్రం కేకలు వేసుకునే పని ఉండదు.

నాలుగోది చట్టం. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టంలో, అంటే రెరాలో, "అపార్ట్‌మెంట్" అన్న మాట కింద ఇల్లే కాదు, అంగడి, షోరూము, ఆఫీసు అన్నీ వస్తాయి. అంటే కింది షట్టరు యజమాని కూడా మీలాగే ఆ భవనంలో వాటాదారుడు. నిర్వహణ ఖర్చులోనూ సంఘంలోనూ అతన్ని కలుపుకోవాలి. 500 చదరపు మీటర్లకు మించిన స్థలమైనా, 8 కంటే ఎక్కువ యూనిట్లున్నా ఆ ప్రాజెక్టు రెరాలో నమోదు కావాలి. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా బిల్డరు ధరలో 10 శాతానికి మించి అడగకూడదు. స్వాధీనం చేసిన 5 ఏళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే అతను తన ఖర్చుతోనే బాగుచేయాలి. సుగ్గికి పోయి, బెంగళూరులో ఇటుకలు మోసి కూడబెట్టిన సొమ్ముతో ఇల్లు కొనేవాళ్లున్న ప్రాంతం మనది. వాళ్ల డబ్బు ఒక్క రూపాయి కూడా నోటిమాట మీద పోకూడదు.

ఇన్ని జాగ్రత్తలు చెప్పి మళ్లీ తీసుకోమనే అంటున్నానేమని అడుగుతారు. ఒంటరిగా ఉండే పెద్దావిడకు రాత్రి పది గంటలకు మాత్ర కావాలంటే కింద మెడికల్ షాపులో దీపం వెలుగుతూ ఉంటుంది. పిల్లవాడు ట్యూషను నుంచి ఆలస్యంగా వస్తే అంగడివాడు "అక్కా, పిల్లోడు వచ్చినాడు" అని కేకేస్తాడు. పెన్సిలు కోసం, పెరుగు కోసం బండి తీయనక్కర్లేదు. ఊరి బయట లేఅవుట్లో గేటు వేసుకుని బతికే ఇంటికి ఈ తోడు లేదు. అంగడికీ అంతే, పైన ఇరవై ఇండ్లుంటే అవే దాని కాతాదారులు.

బిల్డర్లకు ఒక మాట. షట్టర్ల పక్కన, మెట్ల దగ్గర, బేతంచెర్ల బండతో రెండు మూరల అరుగు కట్టండి. దానికి అయ్యే ఖర్చు ఒక ఫ్లాటు బాత్రూము టైల్సంత కూడా ఉండదు. మున్సిపాలిటీ వాళ్లు ప్లాను చూసేటప్పుడు మెట్లు విడిగా ఉన్నాయా, సంపు విడిగా ఉందా అని రెండు ప్రశ్నలు ఎక్కువ వేయాలి.

కొనేవాళ్లకు నా విన్నపం ఇది. అడ్వాన్సు ఇచ్చే రోజునే కింది అంగళ్లు ఎవరు కొంటున్నారో, ఏ వ్యాపారం పెడుతున్నారో కనుక్కోండి. వాళ్లను పిలిచి, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, నీళ్లు, పొగ, పార్కింగు, చెత్త, షట్టరు తెరిచే వేళ, మూసే వేళ అన్నీ మాట్లాడుకుని, సంఘం నియమాల్లో రాసి, అందరూ సంతకాలు పెట్టండి. గృహప్రవేశం ఆ తరువాత పెట్టుకోండి.